కాగితంతో పండుగ కళ



ఈనాటి ప్రసంగంలో ఒక చిన్న విషయం గురించి మాట్లాడుకుందాం. చిన్నదే అయినా ఏడాది పొడుగునా మన గుమ్మంలోకి వచ్చే విషయం. పండుగలకు ఇంటిని కాగితంతో ఎలా అలంకరించుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకునే కానుకలను మన చేతులతోనే ఎంత ముచ్చటగా కట్టి ఇవ్వవచ్చు అన్నదే ఆ విషయం. వీలుంటే ఒక పాత కాగితం, కత్తెర దగ్గర పెట్టుకుని వినండి. చెవితో విన్నదాన్ని వెంటనే చేత్తో చేసి చూస్తే ఇక మరచిపోరు.

సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగువారికి పండుగలు రెండు వైపుల నుంచి వస్తాయి. ఉగాది నాడు ఒక ఇంటిముందు గుఢీ లేస్తుంది, పక్క ఇంట్లో వేపపువ్వు పచ్చడి కలుపుతారు. చాలా ఇళ్లలో రెండూ జరుగుతాయి. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుని రథోత్సవం, రాఖీలు. భాద్రపదంలో వినాయకుడు. ఆ వెనకే బతుకమ్మ, దసరా, దీపావళి. సంక్రాంతికి సిద్ధేశ్వరుని జాతర, నువ్వులు బెల్లం పంచుకోవడం, పసుపు కుంకుమల పేరంటాలు. ప్రతి పండుగకూ ఇంటికి ఏదో ఒక అలంకారం కావాలి, ఎవరికో ఒకరికి ఏదో ఒక పొట్లం కట్టాలి.

మరి ఈ అలంకారాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలావరకు బజారు నుంచి. పండుగ మూడు రోజులు తళతళలాడి, నాలుగో రోజుకు వీధి చివర కుప్పలో చేరుతున్నాయి. లోకమాన్య తిలక్ ప్రోత్సాహంతో 1893 నుంచి వినాయక చవితి బహిరంగ ఉత్సవంగా పెరిగింది. దేవుడి చుట్టూ కట్టే మఖర్ కూడా దానితోపాటే పెరిగింది. మొదట పువ్వులు, ఆకులు, చీరలు, కాగితం ఉండేచోట తరువాతి కాలంలో థర్మోకోల్ వచ్చి కూర్చుంది. తేలిక, తెలుపు, చెక్కడానికి సులువు. కానీ అది మట్టిలో కలవదు. కాలిస్తే నల్లటి విషపు పొగ వస్తుంది. నీళ్లలో వేస్తే గింజలు గింజలుగా విడిపోయి తేలుతుంది. అందుకే 2018 మార్చి 23న మహారాష్ట్ర ప్రభుత్వం థర్మోకోల్ అలంకరణ సామగ్రిపై నిషేధం తెచ్చింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి పెట్టెలకూ శుభలేఖలకూ చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర, ఇవన్నీ నిషేధంలోకి వచ్చాయి. చట్టం తన పని తాను చేసింది. ఆ ఖాళీని దేనితో నింపుకోవాలి అన్నది మన పని. దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు కాగితం.

ముందుగా ఒక మాట చెప్పాలి. కాగితమంటే ఊరికే వచ్చేది కాదు. చెట్టు, నీరు, శ్రమ కలిస్తేనే అది తయారవుతుంది. కాబట్టి ఇంటికి ఇప్పటికే వచ్చిన కాగితాన్ని మొదట వాడుకోవాలి. పాత శుభలేఖలు, క్యాలెండర్లు, పిల్లల పాత నోటుపుస్తకాల అట్టలు, చీరల షాపువాళ్లు ఇచ్చిన సంచులు, ఇవన్నీ ఒక పెట్టెలో వేసి ఉంచండి. కొనవలసినది రంగు పతంగి కాగితం, కొంచెం ఘోటీవ్ కాగితం. అంతే.

మెరుపు కాగితం కొనేటప్పుడు చిన్న పరీక్ష చేయండి. పిడికిట్లో పెట్టి బాగా నలిపి వదలండి. నలిగినట్టే ముద్దగా ఉండిపోతే అది కాగితమే. చటుక్కున విచ్చుకుని మళ్లీ పరుచుకుంటే అందులో ప్లాస్టిక్ ఉన్నట్టు. అది తిరిగి కాగితం తయారీకి పనికిరాదు.

ఇంకొక సంగతి. యంత్రం మీద తయారైన కాగితానికి ఒక వాటం ఉంటుంది. గుజ్జులోని పీచు యంత్రం నడిచే దిశలోనే ఎక్కువగా సర్దుకుంటుంది. అందుకే కాగితాన్ని ఒకవైపు చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. తిన్నగా చిరిగే దిశలోనే మడతలు పెడితే పగుళ్లు రావు, అంచు కత్తిలా వస్తుంది. పడుగు, పేక తెలిసిన ఇళ్లవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. బట్టకు ఎలాగో కాగితానికీ అలాగే. చేతి కాగితానికి మాత్రం ఈ వాటం అంతగా ఉండదు. మన రాష్ట్రంలోనే పుణె నగరంలో 1940లో చేతి కాగితపు సంస్థ ఒకటి మొదలైంది. నూలు గుడ్డ పేలికలతో మంచి చేతి కాగితం తయారవుతుంది. బట్ట నేసే ఊరివాళ్లం, బట్ట ముక్క కాగితమై తిరిగి మన చేతికి వస్తుందంటే సంతోషమే కదా!

ఇక జిగురు. దీనికీ బజారు సీసా అక్కర లేదు. అరగ్లాసు చల్లటి నీళ్లలో రెండు చెంచాల మైదాను ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద కలుపుతూ ఉడికించండి. తెల్లదనం పోయి అద్దంలా నిగనిగలాడగానే దింపండి. చిటికెడు పటిక పొడి వేస్తే రెండు మూడు రోజులు పాడవదు. పురుగు పట్టకుండా పూర్వం ఇందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలు చేయి పెట్టే గిన్నెలో వేయవద్దు. పలుచగా రాయాలి, ఆరనివ్వాలి. పతంగి కాగితానికి జిగురు ఎక్కువైతే తడిసి చిరుగుతుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. దీపావళికి మహారాష్ట్రలో ప్రతి ఇంటిముందూ వెలిగే ఆకాశ కందీల్ గురించి చెబుతాను. మన వైపు గుళ్లలో కార్తీక మాసమంతా ఎత్తే ఆకాశదీపం దీనికి చుట్టమే. బజారులో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి. కానీ వెదురు పుల్లలు, కాగితంతో ఇంట్లో కట్టిన కందీల్ అందం వేరు. చూడ్డానికి కష్టమనిపిస్తుంది గాని లెక్క తెలిస్తే చాలా సులభం.

ఎనిమిది అంగుళాల పొడవున్న సన్నని వెదురు పుల్లలు ఇరవై నాలుగు తీసుకోండి. నాలుగేసి పుల్లలతో ఒక చదరం చొప్పున ఆరు చదరాలు దారంతో కట్టండి. చదరం పక్కకు ఒరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారంతో కొలవండి. మిగిలిన రెండు మూలల మధ్య కూడా అదే దారం పెట్టండి. రెండు కొలతలూ సమానమైతే చదరం సరిగా ఉన్నట్టు. ఇప్పుడు నాలుగు చదరాలను మూల మీద నిలబెట్టండి, డైమండ్ ఆకారంలో. ఒకదాని కుడి మూలను పక్కదాని ఎడమ మూలకు కట్టుకుంటూ పోయి, నాలుగింటినీ గుండ్రంగా కలపండి. పైన నాలుగు మూలలు, కింద నాలుగు మూలలు మిగులుతాయి. ఐదో చదరాన్ని పైన పడుకోబెట్టి, దాని నాలుగు మూలలను పైనున్న నాలుగు మూలలకు కట్టండి. ఆరో చదరాన్ని అలాగే కింద కట్టండి. మొత్తం పన్నెండు ముడులు. అంతే, దాదాపు అడుగు వెడల్పున్న గూడు నిలబడుతుంది. ఆరు చదరాల మధ్య, మనం ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే, ఎనిమిది త్రికోణాలు వాటంతట అవే ఏర్పడతాయి. బడిలో పిల్లలతో కట్టించినప్పుడు ఈ త్రికోణాలను చూసి వాళ్ల కళ్లు మెరుస్తాయి. రేఖాగణితం నల్లబల్ల దిగివచ్చి చేతిలో కూర్చున్నట్టు ఉంటుంది.

ఇక కాగితం. పక్కనున్న నాలుగు చదరాలకు ఒక రంగు, త్రికోణాలకు ఇంకో రంగు. పుల్ల కొలతకన్నా ప్రతి వైపునా అర అంగుళం ఎక్కువ కత్తిరించి, ఆ అంచును పుల్ల మీదుగా లోపలికి మడిచి అతికించండి. పైచదరం మూయవద్దు, వేడి పైకి పోవాలి. కిందిదీ మూయవద్దు, దీపం మార్చాలి. కింది మూలలకు కాగితపు కుచ్చులు వేలాడదీయండి. లోపల చిన్న ఎల్‌ఇడి బల్బు పెట్టండి, వేడెక్కే పాతకాలపు బల్బు వద్దు. నూనె దీపం, కొవ్వొత్తి అసలే వద్దు. చూరు కింద, వాన జల్లు తగలని చోట కట్టండి. పండుగ అయ్యాక కాగితం తీసేసి గూటిని అటక మీద పెట్టుకుంటే, మరుసటి ఏడు కొత్త కాగితం అతికిస్తే చాలు. ఒక్క గూడు ఎన్నో దీపావళులు వస్తుంది.

వినాయకుడి మఖర్‌కు మన ఊళ్లోనే దొరికే ఒక వస్తువుంది. పవర్‌లూమ్ కార్ఖానాల్లో నూలు అయిపోయాక మిగిలే అట్ట కోన్లు. అంచు నలిగి మళ్లీ వాడకానికి పనికిరానివాటిని అడిగి తెచ్చుకోండి. ఒక కోను వెడల్పు అంచును ఇంకో కోను వెడల్పు అంచుకు, సన్నని అంచును సన్నని అంచుకు ఆనించి, కాగితపు పట్టీతో చుట్టి అతికించండి. నాలుగు కోన్లు నిలబెడితే రెండడుగులకు మించిన స్తంభం వస్తుంది. మధ్యమధ్య సన్నబడి, మళ్లీ వెడల్పయి, గుడి స్తంభంలాగే కనిపిస్తుంది. కింది కోనులో గుప్పెడు ఇసుక పోస్తే పడిపోదు. నాలుగు స్తంభాలు, పైన అట్ట, వెనుక ఒక చీర లేదా సోలాపూర్ చద్దరు. ఇంతకన్నా మన ఊరి మఖర్ ఏముంటుంది? అగరుబత్తి, హారతి పళ్లెం మాత్రం కాగితానికి మూరెడు దూరంలో ఉండాలి. చవితి వానల్లో వస్తుంది గనుక, కత్తిరించిన కాగితాలను మూత ఉన్న డబ్బాలో దాచండి. తేమ తగిలితే మడత నిలవదు.

తోరణం సంగతి మీ అందరికీ తెలిసిందే. ఆకుపచ్చ కాగితాన్ని నిలువుగా మడిచి, సగం మామిడాకు ఆకారం కత్తిరించి విప్పితే ఆకు. మడత మీదే ఏటవాలుగా చిన్న చిన్న మడతలు పెడితే ఈనెలు. జనపనార తాడుకు కడితే తోరణం. అయితే గుమ్మానికి పచ్చి మామిడాకులే కట్టండి. కాగితపు తోరణం గోడలకు, పందిరికి.

బతుకమ్మకు కూడా ఇదే మాట. పట్నంలో తంగేడు, గునుగు దొరకడం కష్టమైపోయి, కాగితపు పువ్వులు పేర్చాలని కొందరికి ఆశ పుడుతుంది. చుట్టూ పందిరికి కాగితపు పువ్వులు పెట్టుకోండి, బాగానే ఉంటుంది. బతుకమ్మలో మాత్రం పెట్టవద్దు. అది నీళ్లలో కలిసేది. కాగితం రంగు నీటిలో దిగుతుంది. చిన్నదైనా సరే, బంతిపూలతోనైనా సరే, నిజమైన పువ్వుల బతుకమ్మే బతుకమ్మ. కాగితం ఎక్కడ పనికివస్తుందో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ పనికిరాదో తెలియడం అంతే ముఖ్యం.

దసరాకు మాత్రం కాగితం ఒక మేలు చేయగలదు. ఇక్కడ ఆపటా ఆకును, మన తెలంగాణ వైపు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దలకు నమస్కరిస్తాం. ఆ ఒక్క రోజుకోసం కొమ్మలు కొమ్మలే నరికి బజారుకు తెస్తున్నారు. ఆపటా ఆకు రెండు రెక్కలు కలిసినట్టు ఉంటుంది. పసుపు కాగితాన్ని మధ్యకు మడిచి ఒక రెక్క ఆకారం కత్తిరిస్తే రెండు రెక్కల ఆకు తయారు. దాని మీద పిల్లల చేత తెలుగులో ఒక మంచి మాట రాయించండి. పూజకు నిజమైన ఆకులు నాలుగు, పంచడానికి కాగితపు ఆకులు నలభై. చెట్టు బతుకుతుంది, ఆ ఆకును తీసుకున్నవారు పుస్తకంలో దాచుకుంటారు.

ఇక కానుకల విషయానికి వద్దాం. కానుక కట్టడం మనకు కొత్త విద్య కాదు. కిరాణా కొట్టులో కాగితాన్ని చేతి చుట్టూ తిప్పి, పప్పు పోసి, అంచులు మడిచి దారం చుట్టే పొట్లం ఎంత నేర్పైన పని! జిగురు లేదు, టేపు లేదు. సంక్రాంతి పేరంటానికి నువ్వుల లడ్డూలు ఇచ్చేటప్పుడు ఆ పొట్లాన్నే రంగు కాగితంతో కట్టి, పసుపు దారం చుట్టి ఇవ్వండి. వాయనం తీసుకున్న ముత్తయిదువ ముచ్చటపడుతుంది.

ఇప్పుడు జిగురు లేని ఒక పెట్టె. కాగితం చేతిలో ఉంటే నాతోపాటు మడవండి. ఇరవై సెంటీమీటర్ల చదరపు కాగితం తీసుకోండి. పాత క్యాలెండర్ కాగితమైతే మరీ మంచిది. రెండు వైపుల నుంచీ మధ్యకు మడిచి విప్పితే నడిమి బిందువు తెలుస్తుంది. నాలుగు మూలలనూ ఆ బిందువు దగ్గరకు మడవండి. చిన్న చదరం వచ్చిందా? ఇప్పుడు దాని నాలుగు అంచులనూ ఒక్కొక్కటిగా మధ్య గీత దాకా మడిచి, గోటితో గట్టిగా రుద్ది, విప్పండి. తరువాత ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను మాత్రమే పూర్తిగా తెరవండి. మడిచి ఉన్న మిగిలిన రెండు వైపులనూ నిటారుగా లేపండి, అవి రెండు గోడలు. తెరిచిన మూలను పైకెత్తుతూ పక్కల మడతలను లోపలికి తోస్తే మూడో గోడ లేస్తుంది. మూల కొసను గోడ మీదుగా లోపలికి మడిస్తే నడుమకు వచ్చి కూర్చుంటుంది. రెండో వైపూ అంతే. ఏడు సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర ఎత్తు ఉన్న పెట్టె తయారు. మూతకు అర సెంటీమీటరు పెద్ద కాగితం తీసుకుని ఇలాగే మడవండి, సరిగ్గా సరిపోతుంది. రాఖీకి, చెవికమ్మలకు, రెండు గాజులు కాకపోయినా ఒక వెండి కుంకుమ భరిణెకు ఇది చాలు.

శుభలేఖల మీద దేవుడి బొమ్మలు ఉంటాయని పారేయడానికి చేయి రాదు, దాచడానికి చోటుండదు. ఆ బొమ్మను జాగ్రత్తగా కత్తిరించి పెట్టె మూత మీద అతికించండి. మిగిలిన అట్టతో పెట్టె, ముక్కలతో పేరు రాసే చీటీలు.

పెద్ద పెట్టెకు కాగితం చుట్టేటప్పుడు చాలామంది అంచనాగా కత్తిరించి, చాలక అతుకులు వేస్తారు. దారంతో పెట్టె చుట్టూ కొలవండి, దానికి రెండంగుళాలు కలపండి. అది కాగితం పొడవు. పెట్టె పొడవుకు దాని ఎత్తు ఒకటిన్నర రెట్లు కలిపితే అది వెడల్పు. ఇంతకన్నా ఎక్కువైతే చివరలు ఉబ్బుతాయి. టేపుకు బదులు రంగు నూలు దారం రెండు పేటలు చుట్టి ముడి వేయండి, ముడిలో ఒక బంతిపువ్వు గుచ్చండి. నూలు మన ఊళ్లో కరువు కాదు గదా!

తినే వస్తువుల విషయంలో ఒక హెచ్చరిక. మిఠాయి, కారప్పూస ఏదైనా వార్తాపత్రికలో నేరుగా చుట్టవద్దు. సిరాలోని రసాయనాలు నూనెతో కలిసి తిండిలోకి దిగుతాయి. ఆహార భద్రతా సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ ఈ మాటే గట్టిగా చెప్పింది. లోపల మోదుగాకు, అరిటాకు లేదా బటర్ పేపర్ వేసి, పైన మీకు నచ్చిన కాగితం చుట్టండి.

శ్రోతల్లో చాలామంది అక్కచెల్లెళ్లు ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నవారు ఉంటారు. ఆకును కొలతకు కత్తిరించి, మడిచి, దారం చుట్టే ఆ వేళ్లకు కాగితం పని ఎంత? కందీళ్లు, పెట్టెలు అమ్మకానికి చేయాలనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోండి. మనవాళ్లు సాధారణంగా కాగితం, పుల్లల ఖర్చు మాత్రమే లెక్కవేసి, పైన పదో ఇరవయ్యో కలిపి అమ్మేస్తారు. తమ పొద్దును లెక్కలో వేయరు. ఉదాహరణకు, ఒక కందీల్‌కు సామానుకు నలభై రూపాయలు, రెండు గంటల పని అనుకోండి. గంటకు యాభై చొప్పున వంద. పాడైపోయే కాగితానికి పది. మొత్తం నూట యాభై. దానికి తక్కువ అడిగితే ఆ తగ్గేది కాగితం ధర కాదు, మీ కూలి. బీడీలకు వెయ్యికి ఇంత అని లెక్క కట్టించుకునే మనం, మన చేతి కళకు మాత్రం లెక్క లేకుండా ఎందుకు ఇవ్వాలి? దసరా సెలవుల్లోనే పని మొదలుపెట్టండి. నాలుగు ఇళ్లవారు కలిసి ఒకరు పుల్లలు చీల్చడం, ఒకరు చదరాలు కట్టడం, ఒకరు కాగితం అతకడం పంచుకుంటే చేతికి వేగం వస్తుంది.

చివరగా ఒక మాట. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, కొందరు ఇంగ్లీషు చదువుతారు. చదవాలి, మంచిదే. కానీ ఇంట్లో కూడా కత్తెరను కాత్రీ అనీ, మడతను ఘడీ అనీ, గంజిని ఖళ్ అనీ అంటున్నారు. తప్పు వాళ్లది కాదు. ఆ మాట అవసరమయ్యే పనిని మనం వాళ్లతో కలిసి చేయడం లేదు. నాయనమ్మ పక్కన కూర్చుని "ఆ అంచు పట్టుకో బిడ్డా, కొసను లోపలికి మడువు, కుచ్చు కట్టు" అని చెబుతుంటే అంచు, కొస, మడత, కుచ్చు, పేట, ముడి, ఇన్ని తెలుగు మాటలు ఒక్క సాయంత్రంలో పిల్లల చేతికి అంటుకుంటాయి. పుస్తకంలో పెట్టి నేర్పితే అవి పరీక్షదాకా ఉంటాయి, పనిలో పెట్టి నేర్పితే ఉండిపోతాయి. మరాఠీ మాటలు కూడా పక్కనే ఉండనీయండి. రెండు భాషలు వచ్చిన పిల్లకు ఒకే కందీల్‌కు రెండు పేర్లు తెలుస్తాయి, అది లాభమే.

కాబట్టి రాబోయే పండుగకు ఒక్క వస్తువైనా ఇంట్లో చేయండి. పెద్దది అక్కర లేదు. ఒక పెట్టె, ఒక పొట్లం, ఒక ఆకు. మొదటిది వంకరగా వస్తే రానివ్వండి, పిల్లల పేరు రాసి అదే గుమ్మం దగ్గర పెట్టండి. కొన్న వస్తువును చూసి ఎంతకు తెచ్చారని అడుగుతారు. చేసిన వస్తువును చూసి ఎవరు చేశారని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు మీ ఇంట్లో ఒక చిన్న గొంతు ముందుకు వచ్చి జవాబు చెబుతుంది.